పాత రోడ్ల పిచ్చోళ్లకి టోపోవ్యూ

పెన్సిల్వేనియాలో సెంట్రేలియా దగ్గర స్టేట్ రూట్ 61 పాత ముక్క ఒకటుంది, ముప్పావు మైలు ఉంటుందేమో. 1962లో బొగ్గు గనికి అంటుకున్న మంట ఆరలేదు, తారు చీలిపోయింది, 1993లో రోడ్డు మూసేశారు. జనం రంగులేసి బొమ్మలు గీసిన ఆ రోడ్డుని 2020లో మట్టితో కప్పేశారు కూడా. మరి దాన్ని ఎక్కడ చూడాలి?

నాకు పనికొచ్చింది టోపోవ్యూ, అంటే యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) వాళ్ల పాత మ్యాపుల వెబ్‌సైటు. 1880ల నుంచి అచ్చేసిన మ్యాపులు స్కాన్ చేసి పెట్టారు, పూర్తిగా ఉచితం, లాగిన్ గొడవ లేదు. 1:24,000 స్కేలు (మ్యాపు మీద అంగుళం అంటే నేల మీద రెండు వేల అడుగులు) ఎంచుకోండి, ఒక్కో ఇల్లూ నల్ల చుక్కలా కనిపిస్తుంది. ఆ మంట వల్ల సెంట్రేలియా ఊరు ఖాళీ అవ్వకముందు మ్యాపుల్లో రోడ్డుకి రెండు వైపులా ఆ చుక్కలు వరసగా ఉంటాయి. నేనైతే వాటి దగ్గరే గంట కూర్చున్నాను.

ఒక్క జాగ్రత్త: మ్యాపు మీది సంవత్సరం ఒకటి, సర్వే చేసింది ఇంకొకటి. ఊదా రంగు కనిపిస్తే విమానం నుంచి తీసిన ఫోటోలు చూసి తర్వాత దిద్దినదని అర్థం. అది తెలీక ఒక బైపాస్‌ని పాత రోడ్డనుకున్నాను. ఫోన్లో వద్దు, పెద్ద స్క్రీన్ మీదే చూడండి.

నా రేటింగ్: అయిదుకి నాలుగున్నర.