4×98 బండికి 4×100 చక్రాలు బిగించి పంపారు: లీనియా, పుంటో ఉన్నవాళ్లు జాగ్రత్త

విజయవాడలో అలాయ్ వీల్స్ కొనబోయేవాళ్లు, ముఖ్యంగా ఫియట్ బండ్లు ఉన్నవాళ్లు, డబ్బు కట్టే ముందు ఇది చదవండి. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి దుకాణం పేరు రాయడం లేదు. "ఏ కారుకైనా అలాయ్స్, ఫిట్టింగ్ ఉచితం" అని బోర్డు పెట్టి, లోపల గోడ నిండా చక్రాలు వేలాడదీసిన దుకాణం. ఆ వీధిలో తిరిగినవాళ్లకు తెలిసే ఉంటుంది.

నాది ఫియట్ లీనియా. కంపెనీ అలాయ్ ఒకటి గుంతలో పడి పగిలింది. ఫియట్ మన దగ్గర కార్లు అమ్మడం మానేసి ఏళ్లయింది, అలాంటి చక్రం విడిగా దొరకడం గగనం. అందుకని 15 అంగుళాలవి నాలుగూ కొత్తవి తీసుకున్నాను. 26 వేలు. డబ్బు కట్టే ముందు స్పష్టంగా అడిగాను: "లీనియాకు బోల్టుల కొలత 4×98. మీ దగ్గర ఉన్నవి అవేనా?" యజమాని తల కూడా ఎత్తకుండా "అవే సార్, లీనియాలకు ఎన్నిటికి వేశామో లెక్కే లేదు" అన్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. 4×98 అంటే నాలుగు బోల్టులు, వాటి కేంద్రాల మీదుగా గీసిన వృత్తం వ్యాసం 98 మిల్లీమీటర్లు. దీన్నే పీసీడీ అంటారు. స్విఫ్ట్, ఐ20 వంటి బండ్లది 4×100, బజారులో కుప్పలుగా దొరికేవి ఆ చక్రాలే. ఫోర్డ్ ఫిగోది 4×108. ఫిగోకు 100 చక్రం పెట్టబోతే బోల్టు రంధ్రాలే కలవవు, మోసం అక్కడికక్కడే బయటపడుతుంది. 98కి 100 మాత్రం ఎక్కి కూర్చుంటుంది. పైగా లీనియా హబ్‌కు, అంటే చక్రం బిగించే మధ్య భాగానికి, స్టడ్‌లు (బయటికి పొడుచుకు వచ్చే మరలు) ఉండవు. చక్రాన్ని ఆనించి బయటి నుంచి బోల్టులు దూర్చి బిగిస్తారు. ఒక్కో బోల్టు ఒక్కో మిల్లీమీటరు పక్కకు పోయినా గాలి గన్‌తో కొడితే లోపలికి దిగిపోతుంది. పైనుంచి చూస్తే నాలుగూ బిగుసుకున్నట్టే ఉంటాయి. లోపల మాత్రం బోల్టు తల కింద ఉండే టేపర్ (కిందికి సన్నబడే వాలు భాగం) ఒక పక్కే ఆనుతుంది, బోల్టు వంగిన స్థితిలో బిగుసుకుంటుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ వంపు మీద బరువు పడి, లేచి, మళ్లీ పడుతుంది. ఇనుము ఎంతకాలం ఓర్చుకుంటుంది?

మొదటి రోజు నుంచే 70 దాటితే స్టీరింగ్ వణికింది. తీసుకెళ్లి చూపించాను. చక్రాలు విప్పి బ్యాలెన్సింగ్ యంత్రానికి ఎక్కించి, తెర మీద సున్నా చూపించారు. "చూడండి సార్, సున్నా. మీ సస్పెన్షన్ చూపించుకోండి" అన్నారు. ఆ సున్నా నిజమే, కానీ దానికి ఇక్కడ అర్థం లేదు. ఆ యంత్రం చక్రాన్ని మధ్య రంధ్రంతో పట్టుకుని తిప్పుతుంది, బోల్టు రంధ్రాలతో దానికి పని లేదు. బండి మీద మాత్రం చక్రాన్ని పట్టుకున్నవి ఆ వంకర బోల్టులే. లీనియా హబ్ మధ్య బొడ్డు 58.1 మిల్లీమీటర్లు, ఈ చక్రాల మధ్య రంధ్రం 73.1. ఆ ఖాళీ పూడ్చడానికి రింగు వేయాలి. అదీ వేయలేదు. అంటే చక్రాన్ని కేంద్రంలో నిలబెట్టేది ఏదీ లేదు. ఈ సంగతి చక్రాలు అమ్ముకుని బతికేవాడికి తెలియదని నేను నమ్మను.

హైదరాబాదు బయలుదేరాం. వెనక సీట్లో అమ్మ. కీసర టోల్ దాటి నందిగామ వైపు వెళ్తుంటే ముందు ఎడమ పక్క నుంచి టకటకమని చప్పుడు మొదలైంది. పక్కకు తీసి ఆపాను. ఆ చక్రానికి ఒక బోల్టు తల లేదు. మొండెం హబ్‌లో ఉండిపోయింది. దాని ఎదుటిది వేళ్లతో తిప్పితే తిరిగింది. మిగిలినవి రెండే రెండు. ఇంకాసేపు అదే వేగంతో పోయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడుతున్నాయి.

ఒక పంక్చరు షాపు ఆయన వచ్చి చక్రం విప్పాడు. ఆ వదులైన బోల్టును నా అరచేతిలో పెట్టి వేలితో చూపించాడు: టేపర్ ఒక పక్క అద్దంలా మెరుస్తోంది, రెండో పక్క నల్ల పూత చెక్కుచెదరలేదు. చక్రం రంధ్రం గుండ్రంగా లేదు, ఒక వైపుకు కోలగా సాగింది, అంచున అల్యూమినియం పొట్టులా లేచింది. చక్రాన్ని బోర్లా తిప్పి పుల్లల వెనక మట్టి తుడిచాడు. పోతలోనే అచ్చు వేసి ఉంది, 4×100 అని. ఆ అంకె దుకాణంలో ఉన్నప్పుడూ అక్కడే ఉంది. బిగించినవాళ్ల కళ్లెదుటే ఉంది. బండిని లారీ మీద ఎక్కించి వెనక్కి తెచ్చాం. నా దగ్గర పైసా పుచ్చుకోవడానికి ఆ పంక్చరు షాపు ఆయన ఒప్పుకోలేదు, "అమ్మగారిని జాగ్రత్తగా తీసుకెళ్లండి బాబూ" అన్నాడు. ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

ఇక అసలు విషయం. విరిగిన బోల్టు, చక్రం పట్టుకుని దుకాణానికి వెళ్లాను. వెనక వైపు ఉన్న అంకె చూపించి, "మీరు 98 అని చెప్పి 100 వేశారు" అన్నాను. పొరపాటు జరిగిందని యజమాని అంటాడనుకున్నాను. బోల్టు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, బల్ల మీద పడేసి, ఇంతే అన్నాడు: "98కి ఎవడి దగ్గరా ఉండవు. అందరం 100 వేసే పంపుతాం. రెండు మిల్లీమీటర్లకు ఇంత గొడవా?"

తెలిసే చేశాడు. నేను అడిగిన రోజు "అవే సార్" అన్నప్పుడు కూడా తెలుసు. స్టీరింగ్ వణుకుతోందని వెళ్తే సున్నా చూపించి పంపిన రోజూ తెలుసు. బండిలో మా అమ్మ ఉందని చెప్పాను. "అయితే ఏమిటి? పడలేదుగా! నీ బండే పాతది, నీ హబ్ అరిగి ఉంటుంది. వాడిన చక్రాలు వెనక్కి తీసుకోం, వెళ్లు" అన్నాడు. చక్రాలు కొనడానికి వచ్చిన కుటుంబం ఒకటి పక్కనే కూర్చుని ఉంది. వాళ్ల ముందే, నేనే ఏదో తప్పు చేసినట్టు, చక్రాన్ని కుర్రాడి చేత గుమ్మం బయట పెట్టించాడు. ఆ కుర్రాడు నా వైపు చూడలేకపోయాడు. అతని మీద నాకు కోపం లేదు. ఒక ఇంటి మనుషుల ప్రాణాలు రెండు మిల్లీమీటర్ల పాటి చేయవని నిలబడి చెప్పిన యజమాని మీదే నా కోపమంతా.

బిల్లు అడిగితే ఎస్టిమేట్ చీటీ చూసుకోమన్నాడు. అందులో "అలాయ్ 15 - 4" అని, కింద మొత్తం, అంతే. డబ్బు ఫోనులో కట్టాను కాబట్టి ఆ ఆధారం ఉంది. విరిగిన బోల్టు, చక్రం వెనక అచ్చు, కోలగా సాగిన రంధ్రం అన్నిటికీ ఫొటోలు తీసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు కొనుగోళ్లకు అక్కడ ఫీజు లేదు, రెండేళ్ల వరకు గడువు ఉంటుంది. ఇలాగే మోసపోయి మౌనంగా ఉన్నవాళ్లు ఇది తెలుసుకోండి.

కొనేవాళ్లకు: బిగించక ముందే చక్రం బోర్లా తిప్పించి వెనక అచ్చు చూడండి. చెరిగిపోయి ఉంటే, నాలుగు బోల్టుల చక్రానికి ఎదురెదురు రంధ్రాల కేంద్రాల మధ్య దూరమే పీసీడీ. వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి, మామూలు స్కేలుతో రెండు మిల్లీమీటర్లు తేలవు. పీసీడీ అంకె బిల్లు మీద రాయించండి. రాయనంటే లేచి వచ్చేయండి. 98కి 100 వేయడానికే టేపర్ కదిలే ప్రత్యేక బోల్టులు ఉంటాయి, మామూలు బోల్టులతో వేస్తే ఒప్పుకోకండి. ఐదు బోల్టుల బండ్లలోనూ ఈ ప్రమాదం ఉంది. ఆక్టేవియాది 5×112, క్రెటా, ఇన్నోవాలది 5×114.3. ఆ తేడా కూడా గన్‌తో బిగిస్తే కంటికి కనపడదు.

ఆ దుకాణంలో ఇప్పటికే ఫియట్‌కు అలాయ్స్ వేయించుకున్నవాళ్లు ఈ రోజే ఒక చక్రం విప్పించి బోల్టులు చూడండి. టేపర్ ఒక పక్కే మెరుస్తుంటే ఆ బండిని హైవే ఎక్కించకండి. ఫొటోలు తీసి నాకు పంపండి, నా ఫిర్యాదుతో పాటు అవీ జత చేస్తాను.