ఎర్బియం ఫైబర్ కోంబ్: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

మా ల్యాబ్‌లో ఎర్బియం ఫైబర్ ఫ్రీక్వెన్సీ కోంబ్‌ను కొన్నేళ్లుగా దాదాపు రోజూ నడుపుతున్నాను. దువ్వెన పళ్లలా సమాన దూరంలో లక్షల ఫ్రీక్వెన్సీలు ఇచ్చే లేజర్ ఇది; కాంతి ఫ్రీక్వెన్సీని కచ్చితంగా కొలవడానికి వాడతాం. ఇలాంటిది కావాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది స్పెక్ట్రం ఎంత వెడల్పు వస్తుందనే. వెడల్పు తేలిగ్గానే వస్తుంది. నాయిస్ తక్కువగా రావడమే కష్టం. అది కూడా కాంతి నాన్‌లీనియర్ ఫైబర్‌లోకి (స్పెక్ట్రంను వెడల్పు చేసే ఫైబర్) అడుగుపెట్టకముందే చాలావరకు తేలిపోతుంది.

మాది 100 మెగాహెర్ట్జ్ లేజర్, అంటే సెకనుకు పది కోట్ల పల్స్‌లు (దీన్నే రిపిటీషన్ రేటు అంటాం; పళ్ల మధ్య దూరమూ ఇదే). 1550 నానోమీటర్ల దగ్గర పుట్టిన పల్స్‌లు యాంప్లిఫైయర్ దాటి, అర మీటరు కూడా లేని నాన్‌లీనియర్ ఫైబర్‌లో 1050 నుంచి 2100 నానోమీటర్ల దాకా పరుచుకుంటాయి. 2100 కొస ఫ్రీక్వెన్సీని క్రిస్టల్‌లో రెట్టింపు చేసి 1050 కొసతో కలిపితే ఆఫ్‌సెట్ బీట్ కనిపిస్తుంది, అంటే పళ్ల వరస సున్నా నుంచి ఎంత జరిగి ఉందో చెప్పే సిగ్నల్. జర్మనీలోని గార్షింగ్‌లో హెన్ష్ బృందం, అమెరికాలోని బౌల్డర్‌లో హాల్ బృందం ఈ కోంబ్‌ల తొలినాళ్లలో టైటానియం సఫైర్ లేజర్లతో పనిచేశాయి. ఆ ఇద్దరికీ 2005లో నోబెల్ వచ్చింది. అప్పట్లో సన్నటి ఫైబర్ కోర్‌లోకి కాంతిని గురిచూసి పంపాల్సి వచ్చేది, అలైన్‌మెంట్ మెల్లగా జారిపోయేది. మాకు ఆ బాధ లేదు, ఫైబర్‌ను ఫైబర్‌కి అతికించేస్తాం. అయితే నాన్‌లీనియర్ ఫైబర్ కోర్ బాగా సన్నం కాబట్టి అతుకు దగ్గర కాంతి కొంత పోతుంది. అతికించేటప్పుడు విద్యుత్ ఆర్క్ కొంచెం ఎక్కువసేపు ఇస్తే ఆ నష్టం తగ్గుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది యాంప్లిఫైయర్ తర్వాత వచ్చే మామూలు ఫైబర్ పొడవు మీద. 80 ఫెమ్టోసెకన్ల పల్స్ అవసరానికి మించి 10 సెంటీమీటర్లు నడిస్తే 110 దాకా సాగిపోతుంది. పల్స్ పొడవైనకొద్దీ నాన్‌లీనియర్ ఫైబర్‌లో పల్స్ శక్తి క్వాంటం నాయిస్‌ను పెంచడం మొదలుపెడుతుంది. స్పెక్ట్రమ్ అనలైజర్‌లో చూస్తే వెడల్పు అలాగే ఉంటుంది, అంతా బాగుందనిపిస్తుంది. బీట్ మాత్రం నాయిస్‌లో మునిగిపోతుంది. అందుకే నేను స్పెక్ట్రం చూసి కాదు, బీట్ చూసే ఫైబర్ కత్తిరిస్తాను. రెండేసి సెంటీమీటర్లు తీసి మళ్లీ అతికించి చూడాలి. విసుగు పని, కానీ దీనికి బదులు ఇంకేదీ పనిచేయదు. 100 కిలోహెర్ట్జ్ రిజల్యూషన్‌లో బీట్ నాయిస్ కన్నా 30 డీబీ పైన నిలిస్తేనే ఫ్రీక్వెన్సీ కౌంటర్ లెక్కను నమ్ముతాను.

రెండోది పంప్ డయోడ్ (ఎర్బియం ఫైబర్‌కు శక్తినిచ్చే లేజర్ డయోడ్) కరెంట్. డ్రైవర్‌లోని నాయిస్ నేరుగా ఆఫ్‌సెట్ బీట్‌లోకి వచ్చేస్తుంది. మాకు మొదట వచ్చిన డ్రైవర్ చవకరకం. దాన్ని మార్చగానే బీట్ లైన్ కళ్ల ముందే సన్నబడింది. ఎక్కడైనా డబ్బు తగ్గించుకోండి గానీ ఇక్కడ వద్దు.

పాత లేజర్ పోలరైజేషన్ (కాంతి తరంగం ఊగే దిశ) తిప్పి మోడ్‌లాక్ అయ్యే, అంటే క్రమంగా పల్స్‌లు ఇచ్చే స్థితికి వచ్చే రకం. ఎండాకాలంలో ఏసీ ఆగితే చాలు, మోడ్‌లాక్ పోయేది, పోలరైజేషన్ సరిచేసే ప్యాడిళ్లు తిప్పుతూ కూర్చోవాల్సి వచ్చేది. ఇప్పుడున్నది పూర్తిగా పోలరైజేషన్ నిలిపే ఫైబర్‌తో, లోపల నాన్‌లీనియర్ లూప్ అద్దంతో (అద్దంలా పనిచేసే ఫైబర్ చుట్టు) కట్టినది. స్విచ్ వేస్తే దానంతట అదే మోడ్‌లాక్ అవుతుంది, టెన్షన్ లేదు. ఈ మార్పుకి పూర్తి మార్కులు ఇస్తాను. వేడి ప్రభావం మాత్రం దీనిలోనూ ఉంటుంది. ఒక్క డిగ్రీ మారితే రిపిటీషన్ రేటు వందల హెర్ట్జ్ జరుగుతుంది, లేజర్ పొడవును ఓల్టేజీతో సవరించే పీజో ఒక్కటీ అంత దూరం లాగలేదు. పెట్టె మొత్తానికి టెంపరేచర్ కంట్రోల్ ఉండాల్సిందే.

కోంబ్‌ను ఏ రిఫరెన్స్‌కి లాక్ చేస్తారన్నది (కట్టేస్తారన్నది) కూడా ముఖ్యం. 1550 దగ్గర కోంబ్ పన్ను వరస సంఖ్య దాదాపు 19 లక్షలు. రిపిటీషన్ రేటును రేడియో రిఫరెన్స్‌కి కడితే దాని ఫేజ్ నాయిస్ అక్కడ 126 డీబీ పెరుగుతుంది. నిజంగా సన్నటి పళ్లు కావాలంటే కేవిటీకి (పొడవు కదలకుండా నిలిపిన అద్దాల జంట) లాక్ చేసిన లేజర్‌తోనే కోంబ్‌ను కట్టాలి. మేం ఆ పని చేశాకే ఈ యంత్రం విలువ తెలిసింది.

అటామిక్ క్లాకులు పోల్చేవాళ్లకు, శుభ్రమైన మైక్రోవేవ్ సిగ్నల్ కావాల్సినవాళ్లకు దీన్ని నిస్సంకోచంగా సిఫార్సు చేస్తాను. నక్షత్రాల స్పెక్ట్రోగ్రాఫ్‌కి వాడదామంటే 100 మెగాహెర్ట్జ్ పళ్లు మరీ దగ్గరగా పడతాయి, విడివిడిగా కనిపించవు. వాళ్లు 10 గిగాహెర్ట్జ్ పైన నడిచే ఎలక్ట్రో-ఆప్టిక్ కోంబ్ వైపు చూడటం మంచిది.