బ్యాటరీ ఊడుతుంది, మారదు: మూడేళ్లు దాటాక నా స్కూటర్

మాది కూకట్‌పల్లిలో మూడో అంతస్తు. లిఫ్ట్ లేదు. కింద పార్కింగ్‌లో ప్లగ్ పెట్టనివ్వనని ఓనర్ మొదటిరోజే చెప్పేశాడు. అందుకే 2022లో బ్యాటరీ ఊడదీసి ఛార్జింగ్‌కి ఇంట్లోకి తెచ్చుకునే ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాను. అప్పట్లో ఎవరడిగినా "పది కిలోలేగా, బియ్యం సంచిలా పట్టుకెళ్లడమే" అనేవాణ్ని. ఆ మాట కొంచెం సవరించుకోవాలి. రెండో చేతిలో కూరగాయలు కూడా ఉన్న రోజు, సగం మెట్లకే అరచేతిలో హ్యాండిల్ అచ్చు పడుతుంది. కిందింటి మామ్మగారు ఇప్పటికీ "మళ్లీ గ్యాస్ అయిపోయిందా నాయనా?" అంటారు.

ఇంట్లో టెన్షన్ కూడా ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇళ్లలో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీలు పేలి మనుషులు పోయారు. మా ఆవిడ దాన్ని హాల్లోకి రానివ్వదు. బాల్కనీలోనే పెట్టాలి, పడుకునేలోపు ప్లగ్ తీసేయాలి.

నా కడుపుమంట వేరే. వారంటీ అయిపోయిన రెండో నెలలో, మీటర్‌లో 46 శాతం చూపిస్తూనే బండి వై జంక్షన్ దగ్గర ఆగిపోయింది. ఇంటిదాకా తోసుకొచ్చాను. ఆఫీసులో ఒకతనికి అదే మోడల్ ఉంటే, మర్నాడు అతని బ్యాటరీ తెచ్చి పెట్టి చూశాం. లాక్ టక్కున పడింది, మీటర్ వెలిగింది. యాక్సిలరేటర్ తిప్పితే చలనం లేదు, స్క్రీన్ మీద ఏదో ఎర్రర్ కోడ్. "ఆ బ్యాటరీ మీ బండికి పెయిర్ అవ్వలేదు సార్, మా ల్యాప్‌టాప్‌లోనే చెయ్యాలి" అన్నారు సర్వీస్ సెంటర్‌లో. అదే కంపెనీ, అదే మోడల్, అయినా పరాయిదే!

బ్యాటరీ అంటే చిన్న చిన్న సెల్స్ వరసలుగా పేర్చిన ప్యాక్. నా ప్యాక్‌లో పోయింది ఒక వరస సెల్సేనని వాళ్లే తేల్చారు. కానీ రిపేరు లేదట, మొత్తం ప్యాక్ మార్చాల్సిందేనట. ధర వింటే, ఆ డబ్బుతో సెకండ్‌హ్యాండ్ బండే కొనేయొచ్చనిపించింది. బయట మెకానిక్ మూత తీసి చూస్తే సెల్స్ అన్నీ గట్టిపడిన జిగురులో కూరుకుపోయి ఉన్నాయి. "సెల్స్ మార్చినా బీఎంఎస్, అదే లోపల బ్యాటరీని కంట్రోల్ చేసే బోర్డు, లాక్ అయిపోద్ది సార్, డబ్బులు తీసుకుని మీతో తిట్లు తినలేను" అని మూత పెట్టేశాడు.

ఐరోపా యూనియన్ 2023లో తెచ్చిన బ్యాటరీ చట్టంలో సరిగ్గా నా కేసుకే జవాబుంది. 2027 ఫిబ్రవరి 18 నుంచి ఎలక్ట్రిక్ స్కూటర్లు, సైకిళ్లలో వాడే 25 కిలోల లోపు బ్యాటరీలను, లోపలి సెల్స్‌తో సహా, బయటి మెకానిక్ కూడా మార్చగలిగేలా తయారు చేయాలి. సరిపోయే వేరే బ్యాటరీని సాఫ్ట్‌వేర్‌తో అడ్డుకోకూడదు. (కార్ల పెద్ద బ్యాటరీలకు ఈ నియమం లేదు. మెకానిక్ లేకుండా మనమే మార్చుకునే వీలు ఫోన్ల లాంటి వాటి చిన్న బ్యాటరీలకే.) మన దేశంలో 2022 బ్యాటరీ నిబంధనలు పాత బ్యాటరీల సేకరణ, రీసైక్లింగ్ బాధ్యత తయారీదారు మీద పెట్టాయి. బ్యాటరీ లేకుండానే బండి అమ్మొచ్చని, రిజిస్టర్ చేయొచ్చని కేంద్రం 2020లోనే చెప్పింది. అంటే బండి వేరు, బ్యాటరీ వేరు అనేగా! నా బండికి మాత్రం ఆ కంపెనీ సర్వీస్ కౌంటర్ తప్ప దిక్కు లేదు.

చివరికి కొత్త ప్యాకే కొన్నాను. కింద సొంత ప్లగ్ ఉన్నవాళ్లయితే ఈ మోత మీకెందుకు, ఫిక్స్‌డ్ బ్యాటరీ బండే చూసుకోండి. నాలాగా మెట్లెక్కేవాళ్లయితే ఇప్పటికీ ఇలాంటిదే కొనమంటాను, కాకపోతే వేరే బ్యాటరీ పెడితే నడుస్తుందో లేదో షోరూంలోనే పెట్టించి చూడండి. మామ్మగారికి మాత్రం ఇది కొత్త సిలిండరని చెప్పేశాను.