నల్లగొండలో ఏడాదిన్నరగా రెండు ఖరీదైన కార్లు: ఒకటి కరెంటుది, ఒకటి డీజిల్‌ది

2025 ఫిబ్రవరిలో పదిహేను రోజుల తేడాతో మా ఇళ్లకు రెండు ఖరీదైన కార్లు వచ్చాయి. నల్లగొండలో వకాలత్ చేసే నేను ఎలక్ట్రిక్ కారు తీసుకున్నాను. మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపే మా బావగారు డీజిల్ సెడాన్ తీసుకున్నారు. రెండూ జర్మనీ కంపెనీలవే, ఎక్స్ షోరూమ్ ధర రెండింటికీ 70 లక్షలకు కాస్త అటూ ఇటూ. తూచదలచుకున్నది కంపెనీలను కాదు, ఆ డబ్బుకు కరెంటు బండి ఇచ్చేదెంత, నూనె బండి ఇచ్చేదెంత అన్నదాన్ని; అందుకే మా బండ్ల పేర్లు రాయడం లేదు. అవసరం పడినప్పుడల్లా ఒకరి బండి ఒకరం వాడుకుంటున్నాం కనుక రెండింటి గుణదోషాలూ నాకు తెలిసినవే.

ముందు పన్ను సంగతి చెప్పాలి, ఎందుకంటే కరెంటు బండి విలువలో పెద్ద వాటా అక్కడే ఉంది. మేము కొన్ననాటికి ఎలక్ట్రిక్ కారుపై జీఎస్టీ 5 శాతం. పెద్ద డీజిల్, పెట్రోల్ కార్లపై 28 శాతం జీఎస్టీకి సెస్సు తోడై 50 శాతం దాకా వెళ్లేది. మెర్సిడెస్ బెంజ్ తన ఎస్ క్లాస్‌ను 2021 అక్టోబరులో ఇక్కడే తయారుచేయడం మొదలుపెట్టినప్పుడు ఎస్ 350డీ ధర 1.57 కోట్లు; మరుసటి ఏడాది పుణె దగ్గరి చకన్‌లో బిగించి విడుదల చేసిన ఎలక్ట్రిక్ ఈక్యూఎస్ 580 ధర 1.55 కోట్లు. నూట ఏడు యూనిట్లు పట్టే బ్యాటరీని మోసే కారు దాదాపు డీజిల్ కారు ధరకే దొరికిందంటే, ఆ సర్దుబాటు చేసింది పన్నే. అదే తరహాలో బీఎండబ్ల్యూ 2025 జనవరిలో పొడుగు వీల్‌బేస్ ఐఎక్స్1ను 49 లక్షలకు తెచ్చింది. వెనుక సీట్లో కాళ్లు చాపుకునే ఆ పొడుగు బండి ఇక్కడ కరెంటుదిగానే వచ్చింది, పెట్రోల్ ఎక్స్1లో రాలేదు.

మన రాష్ట్రంలో దీనికి ఇంకో మెట్టు ఉంది. 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు ఎలక్ట్రిక్ వాహనాలకు తెలంగాణ ప్రభుత్వం రోడ్డు పన్నును, రిజిస్ట్రేషన్ ఫీజును పూర్తిగా మాఫీ చేసింది. 20 లక్షలు దాటిన మామూలు కారుకు మేము కొన్ననాటి రోడ్డు పన్ను నూటికి 18. అంటే బావగారు రవాణా శాఖకు కట్టిన పన్నెండు లక్షల పైచిలుకు నా జేబులోనే మిగిలింది. నల్లగొండలో ఆ డబ్బుతో మామూలు కారు మరొకటి కొనుక్కోవచ్చు.

అయితే ఈ లెక్క మేము కొన్ననాటిది. 2025 సెప్టెంబరు 22 నుంచి సెస్సు ఎత్తేసి పెద్ద కార్లకు 40 శాతం జీఎస్టీ ఒక్కటే ఉంచారు. బావగారి మోడల్ కొత్త బండి ధర మూడు లక్షలకు పైగా దిగివచ్చింది. కరెంటు బండి 5 శాతం దగ్గరే ఉంది కనుక ఇప్పటికీ దానిదే పైచేయి, కాకపోతే మునుపటంత కాదు. రోడ్డు పన్ను మాఫీ గడువు తర్వాత కొనబోయేవారు అప్పటి నియమం చూసుకుని ఈ కూడికలన్నీ మళ్లీ చేసుకోవాలి.

ఇంధనం దగ్గర ఆదా ఉన్నమాట నిజమే కానీ, ఈ తరగతి కారు కొనేవాడు దాన్ని చూసి కొంటే పొరపడినట్టే. నా బండి బ్యాటరీ సుమారు 80 యూనిట్లు పడుతుంది. కంపెనీ కాగితం మీద ఐదు వందల కిలోమీటర్లు దాటుతుందని ఉంటుంది. మే నెల ఎండలో ఏసీ వేసి 65వ నంబరు జాతీయ రహదారిపై గంటకు వంద వేగంతో పోతే నాలుగు వందలకు మించదు. హైకోర్టు పనికి ఉదయం 95 శాతంతో బయలుదేరి, నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా వెళ్లి, సాయంత్రం ఇంటికి చేరేసరికి 40 శాతానికి దగ్గరగా ఉంటుంది. దారిలో చార్జింగు ఊసే ఉండదు. చార్జింగులో పోయే నష్టం కూడా కలుపుకొని మీటరు చూస్తే యూనిట్‌కు నాలుగున్నర కిలోమీటర్లు పడుతున్నాయి. ఇంటి కరెంటు 400 యూనిట్లు దాటాక 9.50, 800 దాటాక 10 రూపాయలు కనుక కిలోమీటరుకు రెండు రూపాయల చిల్లర. బావగారి బండి లీటరుకు పదమూడు ఇస్తుంది, డీజిల్ 95 రూపాయల పైన. అంటే కిలోమీటరుకు ఏడు రూపాయలు దాటుతుంది. ఏడాదికి పాతిక వేల కిలోమీటర్లు తిరిగే నాకు మిగిలేది లక్షా పాతిక వేలు. డెబ్బై లక్షల బండికి ఇది ఒక పెద్ద లెక్క కాదు.

నాకు కరెంటు బండి విలువ తెలిసింది రోడ్డు మీద కాదు, ఆగి ఉన్నప్పుడు. గత వేసవిలో మా అమ్మగారిని కంటి పరీక్షకు హైదరాబాద్ తీసుకెళ్లాను. ఆసుపత్రి బయట చెట్టు నీడ కూడా లేని చోట రెండున్నర గంటలు ఆగవలసి వచ్చింది. ఏసీ నడుస్తూనే ఉంది, ఇంజన్ అదురు లేదు, పొగ వాసన లేదు. ఆమె వెనుక సీటు వాల్చుకుని కునుకు తీశారు. ఆ రెండున్నర గంటలకు తగ్గిన చార్జింగు నాలుగు శాతం. అంతకుముందు ఇదే పనికి బావగారి బండిలో వెళ్లినప్పుడు పక్క దుకాణం ఆయన వచ్చి అద్దం మీద కొట్టి "ఇంజన్ బంద్ చేయి సార్" అన్నారు.

నడిచేటప్పుడు తేడా అంత ఏకపక్షం కాదు. ఇంజన్ చప్పుడు లేకపోవడంతో టైర్ల రొద బయటపడుతుంది. అతుకుల రోడ్డు మీద అది మరీ తెలుస్తుంది. బ్యాటరీ బరువు వల్ల నా బండి గుంతలో పడితే దబ్బున దిగుతుంది, బావగారి బండి మెత్తగా ఊగి తేలుతుంది. పైగా ఆ బ్యాటరీ అడుగునే పరిచి ఉంటుంది కనుక, మన పల్లెల్లో ఎవరికి తోచిన ఎత్తులో వారు కట్టిన స్పీడ్ బ్రేకర్ల మీద ప్రాణం విలవిలలాడుతుంది. యాసంగి కోతలప్పుడు తిప్పర్తి వైపు రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పెడతారు. ఆ రాళ్లను తప్పించుకుంటూ పోవడం డీజిల్ బండికీ కష్టమే, కానీ అడుగున లక్షల ఖరీదు చేసే పెట్టె ఉన్నవాడి కష్టం వేరు. బరువుకు టైర్లు కూడా తొందరగా అరుగుతున్నాయి. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, పొగలోని విషవాయువులు తగ్గడానికి డీజిల్ బండిలో పోసే యాడ్‌బ్లూ ద్రవం వంటి ఖర్చులు తప్పినా, ఒక జత టైర్ల బిల్లు చూశాక సర్వీసులో మిగిలిందనుకున్నది చాలావరకు అక్కడికే పోయిందని అర్థమైంది. సర్వీసుకు ఇద్దరం హైదరాబాద్ పోవలసిందే.

ఇక దూరప్రయాణం. విజయవాడలో పెళ్లికి ఇద్దరం నా బండిలోనే వెళ్లాం. తిరుగుదారిలో హైవే పక్కన ఒక హోటల్ ఆవరణలో ఆగితే ఉన్న రెండు ఫాస్ట్ చార్జింగ్ గన్నులలో ఒకటి పనిచేయడం లేదు, రెండోదానికి ఒక టాక్సీ తగిలించి ఉంది, డ్రైవరు భోజనానికి వెళ్లాడు. అతను వచ్చి తీసేదాకా ముప్పావు గంట, మా చార్జింగుకు మరో యాభై నిమిషాలు. ఎనభై శాతం దాటాక బ్యాటరీ నిదానంగా తీసుకుంటుంది కనుక అక్కడితో ఆపేశాను. బావగారు మూడో చాయ చేతిలో పట్టుకుని, "బామ్మర్దీ, నీ బండి కడుపు నిండేదాక నేను హోటల్ల ఇంకెన్ని చాయలు తాగాల్నయ్యా?" అన్నారు. బయట చార్జింగు ధర కూడా ఇంటి ధరకు రెట్టింపు పైనే, దాని మీద 18 శాతం జీఎస్టీ అదనం.

ఇంట్లో మాత్రం చార్జింగు ఒక పని అనిపించదు. త్రీ ఫేజ్ కనెక్షన్ తీసుకుని 11 కిలోవాట్ల చార్జరు పెట్టించుకున్నాను. రాత్రి పెడితే తెల్లవారేసరికి నిండుతుంది. సొంత గేటు, సొంత షెడ్డు లేనివారు ఈ తరగతి ఎలక్ట్రిక్ కారు జోలికి పోకూడదని నా గట్టి అభిప్రాయం.

అమ్మకం దగ్గర కథ తిరగబడుతుంది. మొన్న ఊరికే తెలుసుకుందామని హైదరాబాద్‌లో పాత కార్లు కొనే ఒక వ్యాపారికి రెండు బండ్లూ చూపించాం. జీఎస్టీ తగ్గడంతో బావగారి బండి ధర కూడా పడింది, అయినా నా బండికి ఆయన చెప్పిన ధర దానికంటే ఏడు లక్షలు తక్కువ. బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉందని చెప్పాను. "వారంటీ ఉన్నన్ని రోజులు మీరే నడుపుకోండి సార్, అయిపోయినంక నా దగ్గరికి ఎవరు వస్తరు?" అన్నాడు. అతని మాటలో వ్యాపారం ఉంది, కొంత నిజమూ ఉంది. రోడ్డు పన్నులో నాకు మిగిలిన పన్నెండు లక్షలలో ఏడు ఆ రోజే కరిగాయి. మూడేళ్లకోసారి బండి మార్చే అలవాటున్నవారు డీజిల్ లేదా పెట్రోల్ కారే తీసుకోవాలి. నేను వారంటీ ముగిసేదాకా ఉంచుకుంటాననే ధైర్యంతో కొన్నాను కనుక నాకు ఆ ఏడు లక్షలు ప్రస్తుతానికి కాగితం మీది నష్టం.

ఒక ముచ్చట మాత్రం చెప్పకుండా ఉండలేను. దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం పోయినప్పుడు దోమలపెంట దాటి కృష్ణ వైపు ఘాట్ దిగుతుంటే, బ్రేకు మీద కాలు పెట్టే పని లేకుండా మోటారే బండిని పట్టి ఉంచింది. ఆనకట్ట కనిపించేసరికి చార్జింగు రెండు శాతం పెరిగింది. తిరుగు ప్రయాణంలో అదే ఎక్కుడులో ఆ రెండు శాతానికి మూడింతలు పోయిందనుకోండి.

పోయిన నెల అద్దంకి, ఒంగోలు మీదుగా తిరుపతికి కుటుంబమంతా కలిసి పోయాం. ఏ బండిలో వెళ్దామని ఎవరూ అడగలేదు. బావగారి డీజిల్ బండి మిర్యాలగూడలో ట్యాంకు నింపుకుని వచ్చి మా గేటు ముందు నిలబడింది. నా బండి చార్జరు తగిలించి షెడ్డులోనే ఉండిపోయింది.