రచ్చబండా, ఫోన్ తెరా?

ఊరి వ్యవహారాలు జనం కళ్లముందు జరగాలంటే దారులు రెండు. గ్రామసభకు పిలవడం, లేదా సభను ఫోన్‌లో ప్రత్యక్షంగా చూపించడం.

మొదటిదానికి చట్టబలం ఉంది. రాజ్యాంగంలోని 243ఎ అధికరణం గ్రామసభను గుర్తించింది. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి జరపమంటోంది. ఆంధ్రలో 2024 ఆగస్టు 23న ఒక్కరోజే 13,326 పంచాయతీల్లో సభలు పెట్టారు. సభలో ఉన్న సుఖమేమిటంటే, లేచి నిలబడి "ఆ కాలువ బిల్లు ఎంతయింది సారూ?" అని అడగొచ్చు. చిక్కల్లా పిలుపులోనే. మా ఊళ్లో ఒకసారి పొద్దున పదకొండుకి సభ పెట్టారు. నాట్ల రోజులు, కూలీలంతా మడిలో ఉన్నారు. టముకు మా వీధి దాకా రానేలేదు. సాయంత్రం రిజిస్టరు ఇంటింటికీ తిరిగింది సంతకాలకి! పైన తీర్మానం రాయాల్సిన చోటు ఖాళీ.

ప్రసారానికి ఆ బాధ లేదు. హైదరాబాద్‌లో ఉన్నవాడూ, దుబాయ్‌లో ఉన్నవాడూ రాత్రి తీరిగ్గా చూస్తాడు. "నేనలా అనలేదు" అంటే వీడియో ఉంది. కానీ చూసేవాడు అడగలేడు. మైకు సరిగా లేకపోతే ఫ్యాను గోలే వినిపిస్తుంది. స్మార్ట్‌ఫోన్ లేని ముసలమ్మకి అదీ లేదు.

ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు గ్రామసభకే, అదీ చీకటి పడ్డాక పెడితేనే. పట్టణాల్లో వార్డుకి వేలమంది కాబట్టి కౌన్సిల్ సమావేశాలకు మాత్రం కెమెరానే నయం.