చేపపిల్ల ఇంద్రియాల ఎదుగుదల: కన్నా, పార్శ్వరేఖా, ఏది మేలు?

గుడ్డులోంచి బయటపడ్డాక చేప ఇంద్రియాలు ఎలా ఎదుగుతాయో ప్రాజెక్టుగా చేద్దామనుకునే విద్యార్థులు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. ల్యాబుల్లో ఎక్కువగా పెంచే చిన్న చారల చేప జీబ్రాఫిష్ మీదే అన్నది ఎలాగూ ఖాయం. కన్నా, లేక తలమీదా ఒంటి పక్కలా ఉండి నీటి కదలికను పసిగట్టే పార్శ్వరేఖా, ఏ అవయవం అన్నదే తేలాలి.

కన్ను నిజంగా అద్భుతం. చేప రెటీనా (కంటి వెనక వెలుగును పసిగట్టే పొర) జీవితాంతం పెరుగుతుంది. దాని అంచున ఉన్న మూలకణాలు కొత్త కణాలను చేరుస్తూనే ఉంటాయి కాబట్టి చెట్టు మానులోలా నడుమ పాతది, అంచున కొత్తది. పిల్ల దశలో చూపంతా దాదాపు పగటి వెలుతురులో పనిచేసే కోన్ కణాలదే. మసక వెలుతురులో పనికొచ్చే రాడ్ కణాలు చూపులో పాలుపంచుకోవడానికి ఇంకో రెండు మూడు వారాలు పడుతుంది.

అయితే రెటీనా లోపలి పొరలు చూడాలంటే మామూలుగా చేపను చంపి, కంటిని పలచగా కోయాలి. నా దృష్టిలో అసలు చిక్కు ఇదే. పదోరోజు చూసిన చేప వేరు, ఇరవయ్యో రోజు చూసిన చేప వేరు. ఒకే ఈనులో పుట్టినవైనా తిండిని బట్టి, ట్యాంకులో రద్దీని బట్టి సైజులో బాగా తేడా వస్తాయి. మీకు కనిపించిన మార్పు వయసుదా, ఆ చేపదా?

పార్శ్వరేఖలో ఈ సందేహం ఉండదు. నీటి కదలికను పసిగట్టే దాని చిన్న చిన్న కణాల గుంపులు, అంటే న్యూరోమాస్టులు, చర్మం పైనే ఉంటాయి. డాస్పై రంగు కలిపిన నీళ్లలో కాసేపు ఉంచి, కొద్దిగా మత్తిచ్చి ఫ్లోరెసెంట్ మైక్రోస్కోపు కింద పెడితే చుక్కల్లా వెలుగుతాయి. లెక్కపెట్టి తిరిగి ట్యాంకులో వదలొచ్చు, వారం తర్వాత అదే చేపను మళ్లీ చూడొచ్చు. రెండో రోజుకల్లా ఒంటికి ఒక్కో పక్కన వేళ్లమీద లెక్కపెట్టేన్ని ఉంటాయి, పెద్దయ్యేసరికి వందల్లోకి చేరతాయి. పాత వాటి మధ్య దారంలా మిగిలిన కణాల నుంచి కొన్ని కొత్తవి పుడతాయి. తర్వాత్తర్వాత పాతవే మొగ్గ తొడిగి నిలువు వరసలవుతాయి. ఒక పాత చుక్క పక్కన కొత్తది వెలగడం మొదటిసారి చూసినప్పటి సంతోషం నాకింకా గుర్తుంది.

ఒక్క ఇబ్బంది ఉంది. తలమీది న్యూరోమాస్టులు కొన్ని క్రమంగా ఎముక కాలువల్లోకి దిగిపోతాయి. అందుకని లెక్క ఒంటిమీదివాటికే పెట్టుకోండి.

చెవి లోతుగా ఉంటుంది, చిన్న ప్రాజెక్టుకు వద్దు. రుచి, వాసన కూడా చిన్న ప్రాజెక్టుకు వద్దు.

ఫ్లోరెసెంట్ మైక్రోస్కోపు దొరక్కపోతే మాత్రం కన్నే చెయ్యండి. ఏది ఎంచుకున్నా ప్రతిసారీ వయసుతో పాటు చేప పొడవు కూడా రాసుకోండి.