గోదావరి డెల్టా ప్రయాణంలో బిల్లు వేళ మర్యాద

రాజమహేంద్రవరం నుంచి రావులపాలెం, అమలాపురం, రాజోలు మీదుగా దిండి వరకు కుటుంబంతో చేసిన ప్రయాణంలో మాకు ఎక్కడా రుచికి లోటు జరగలేదు. అందువల్ల ఏ హోటల్‌కు మళ్లీ వెళ్లాలన్నది బిల్లు దగ్గర జరిగే మర్యాదను బట్టే నిర్ణయించుకున్నాను.

రాజమహేంద్రవరంలో మేము వెళ్లిన టిఫిన్ హోటల్‌లో ముందే కౌంటర్ వద్ద డబ్బు కట్టి టోకెన్ తీసుకోవాలి. ఉప్మా పెసరట్టు తిని, చేయి కడుక్కుని వచ్చేయడమే కనుక ఎవరికీ మొహమాటం ఉండదు. తొందరలో ఉన్నవారికి ఆ పద్ధతి చాలా అనుకూలం.

అమలాపురంలోని భోజన హోటల్ సంగతి వేరు. ఖాళీ కుర్చీ కోసం జనం మా వెనకే నిలబడి ఉన్నా, వడ్డించే పెద్దాయన నిదానంగా తినే మా అమ్మగారు ఆకు మడిచేవరకు ఆగి, "ఇంకేమైనా కావాలాండీ?" అని అడిగి, చాలన్నాకే బిల్లు తెచ్చారు. తింటున్నవారి ముందు అడగకుండా బిల్లు పెడితే లేచి వెళ్లమన్నట్లే. అయితే తినేవారూ అంతే మర్యాద పాటించాలి. పక్క బల్ల వద్ద ఇద్దరు బంధువులు "నేనిస్తానంటే నేనిస్తాన"ని ఆయన చేతిలోని కాగితాన్ని చెరోవైపు లాగుతుంటే, ఇతర బల్లలు చూసుకోవలసిన ఆ మనిషి కదలలేక నిలబడిపోయారు. ఎవరు చెల్లించాలో కూర్చునే ముందే తేల్చుకోవడం మంచిది. ఇక చిటికె వేసి పిలవడం ఏ వయసు సర్వర్ విషయంలోనూ తగదు.

దిండిలో గోదావరి పాయ వశిష్ఠ ఒడ్డున మేము దిగిన బసలో గది శుభ్రంగా ఉంది, వరండా నుంచి నది కనిపిస్తుంది. కానీ రాత్రి భోజనం బిల్లులో జీఎస్టీ కాకుండా సర్వీస్ ఛార్జీ కూడా కలిపి ఇచ్చారు. జీఎస్టీ పన్ను కనుక చెల్లించవలసిందే. సర్వీస్ ఛార్జీని మాత్రం వినియోగదారుణ్ణి అడగకుండా ఏ పేరుతోనూ బిల్లులో కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది, వాటిని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న సమర్థించింది. బిల్లు తెచ్చిన కుర్రాడు దాన్ని తయారు చేయలేదు కనుక అతనిపై గొంతు పెంచడం అన్యాయం. మేనేజర్‌తో నెమ్మదిగా మాట్లాడితే ఆ మొత్తం తీసేశారు. ఎక్కడైనా తీయడానికి ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు.

ఆ కుర్రాడు పిల్లలకు కారం లేని కూర విడిగా చేయించి తెచ్చాడు, అందుకు అతనికి ఏదైనా ఇవ్వాలనిపించింది. హోటల్ క్యూఆర్ కోడ్‌కు బిల్లుతో కలిపి పంపిన టిప్పు యజమాని ఖాతాలోకి వెళుతుంది కనుక, సోంపు పళ్లెంలో పడేయకుండా, "బాగా చూసుకున్నావు బాబూ" అని చెప్పి నోటును అతని చేతికే ఇచ్చాను.